డాబా మీద 12 తొట్లు: ఎవరు ఎవర్ని తింటున్నారో లెక్క

మే 24

మొత్తానికి మట్టి దొరికింది. శంషాబాద్ దాటాక ఒక కుంట పూర్తిగా ఎండిపోయి నెర్రెలు విచ్చి ఉంది, బర్రెల కాళ్ల గుంటలు అచ్చు పోసినట్టు గట్టిపడి ఉన్నాయి, అక్కడ పై రెండంగుళాల మట్టి గీకి రెండు సంచులు నింపుకున్నాను. అటుగా గొర్రెలు తోలుకుపోతున్న పెద్దాయన ఆగి "గా మట్టి ఏం జేస్తవమ్మా" అని అడిగాడు. నీళ్లు పోస్తే ఇందులోంచి పురుగులు పుడతాయి అన్నాను. ఇంకేం అడగలేదు, గొర్రెల్ని కొంచెం తొందరగా తోలుకుపోయాడు.

నిజంగానే పుడతాయి. చెరువులో నీళ్లు తగ్గేటప్పుడు మొయినా అనే చిన్న జీవి గట్టి పెంకు ఉన్న గుడ్లు పెట్టి పోతుంది, అవి మట్టిలో పడి నెలల తరబడి ఎండని ఓర్చుకుని, నీళ్లు తగిలిన రెండు మూడు రోజులకి పొదుగుతాయి. మొయినా అంటే అక్వేరియం పెట్టుకునే వాళ్లకి తెలుసు, చేప పిల్లలకి వేస్తారు. ఆవగింజలో సగం ఉండదు, రొయ్యకి చాలా దూరపు చుట్టం. నీళ్లలో తేలే నాచుని వడపోసుకుని తినడమే దాని పని.

ఇంతకీ ప్రాజెక్టు ఏంటంటే, దోమల కోసమని మనం ఎక్కడ పడితే అక్కడ వదిలే గంబూషియా చేప, దోమ పిల్లలతో పాటు ఈ మొయినాని కూడా తినేస్తే ఆ నీళ్లు ఏమవుతాయి అన్నది. మొయినా పోతే నాచుని తినేవాళ్లు ఉండరు, నాచు పెరుగుతుంది, నీళ్లు పచ్చబడతాయి. అంటే చేప నాచు జోలికి వెళ్లకుండానే నాచుని పెంచినట్టు. ఇది నేను కనిపెట్టిందేం కాదు. 1972లో హర్ల్‌బర్ట్, ఇంకో ఇద్దరు కలిసి అమెరికాలో ఇదే చేపతో, ఇలాంటి ప్రయోగపు చెరువుల్లోనే చూపించారు. అంతకు ముందు 1965లో బ్రూక్స్, డాడ్సన్ కనెక్టికట్ సరస్సుల్లో చేపలు పెద్ద సైజు జీవుల్ని ఏరుకు తినేసి చిన్నవాటినే ఎలా మిగులుస్తాయో రాశారు. కానీ ఇలాంటి లెక్కలు ఎక్కువగా మనకంటే చల్లటి దేశాలవి. అక్కడ చాలా చేపలు ఏడాదికోసారే పిల్లలు పెడతాయి, మొయినాకి పెద్దక్కల్లాంటి డాఫ్నియాలు ఉంటాయి. మన దగ్గర చేపలు దాదాపు ఏడాది పొడుగునా పెడుతూనే ఉంటాయి, తిండి దొరక్కపోతే నాచు కూడా తింటాయి, చేప, మొయినా, నాచు అనే ఆ గొలుసు అంత శుభ్రంగా పనిచేయదని చాలామంది అంటారు. 42 డిగ్రీల ఎండలో తార్నాక డాబా మీద పనిచేస్తుందా లేదా అన్నదే నాకు కావాలి.

జూన్ 1

డ్రమ్ముల కథ. 200 లీటర్ల పాత నీలం డ్రమ్ములు ఆరు కొని అడ్డంగా కోయించాను, 12 తొట్లు వచ్చాయి. అమ్మినాయన "మంచినీళ్ల డ్రమ్ములే మేడమ్" అన్నాడు, ఇంటికొచ్చి నీళ్లు పోస్తే రెండింట్లో నురగ పొంగింది. ఏ సబ్బు కంపెనీవో. మూడు రోజులు కడిగాను, ఎండలో పెట్టాను, మళ్లీ కడిగాను, చివరికి ఆ డ్రమ్ముల నుంచి వచ్చిన నాలుగు తొట్లకీ మందపాటి ప్లాస్టిక్ షీటు వేసి, తేడా రాకూడదని మిగిలిన ఎనిమిదింటికీ అదే వేశాను. ఖర్చు డబుల్.

ఓనరంకుల్‌కి బరువు టెన్షన్. ఒక్కో తొట్టిలో 80 లీటర్లు, మొత్తం 960 కిలోలు, దాని మీద తొట్ల బరువు. స్లాబు మధ్యలో పెట్టొద్దు, బీములు వెళ్లిన గీత మీద, పిట్టగోడ వారగా పెట్టుకో అన్నారు. సరే అన్నాను. దాంతో పడమటి వైపు నాలుగు తొట్లకి సాయంత్రం ఎండ ఎక్కువ పడుతుంది, అందుకే ఏ తొట్టి ఏ రకమో చీటీలు వేసి తీశాను. చీటీలు అవ్వ చేత తీయించాను. అవ్వ అంటే ఓనరంకుల్ వాళ్లమ్మ, డెబ్బై దాటిన మనిషి, పొద్దున్నే డాబా మీదకొచ్చి తులసికి నీళ్లు పోసి, ఆ తర్వాత గంటసేపు నా పని చూడటం ఆమె దినచర్య అయిపోయింది.

మూడు రకాలు: చేప తొట్లు 4, మూసిన తొట్లు 4, ఖాళీ తొట్లు 4. మూసిన వాటికి దోమతెర బిగించి కట్టేశాను, అందులోకి దోమ రాదు, తూనీగ రాదు, మొయినా నాచు మాత్రమే ఉంటాయి. ఖాళీ వాటిని వదిలేశాను, ఏది వస్తే అది. తెర కడితే వెలుతురు తగ్గుతుంది కదా, ఆ తేడా నీ చేపల మీదకి రుద్దుతావా అని మా గైడ్ మేడమ్ ఫోన్‌లోనే దులిపేశారు, కాబట్టి మిగతా ఎనిమిదింటికీ పైన జానెడు ఎత్తులో పుల్లలు పాతి అదే తెర పందిరిలా వేశాను, పక్కలు వదిలేసి. నల్లా నీళ్లు రెండు రోజులు ఎండలో ఉంచాక, ఒక్కో తొట్టికి కొలిచి అరకిలో మట్టి.

జూన్ 4

పుట్టాయి! పొద్దున టార్చి అడ్డంగా వేసి చూస్తే 5వ తొట్టిలో తెల్లటి చుక్కలు, కుదుపుకుంటూ కుదుపుకుంటూ పైకి ఎక్కి, కాస్త జారి, మళ్లీ ఎక్కుతూ. అవ్వని పిలిచి చూపించాను. కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసి "మన్నుల నుంచి లేచినయా" అంది. అంతే.

జూన్ 8

మృగశిర. ఊరంతా చేపల మార్కెట్లోనే ఉంది. రామ్‌నగర్ వైపు అడుగు పెట్టే సందు లేదు, నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో చేప మందు కోసం లైన్లు. అందరూ కొర్రమీను సంచులతో ఇంటికి పోతుంటే నేను కాలువలో పట్టిన గంబూషియాలు 16 ఒక బకెట్లో వేసుకుని ఆటోలో వచ్చాను. ఆటో అతను తొంగి చూసి "ఇంతింతవి పులుసుకి సరిపోతాయా మేడమ్" అన్నాడు.

ఒక్కో చేప తొట్టికి నాలుగు. ఆడది చిటికెన వేలంత, మగది అందులో సగం. నోరు పైకి తిరిగి ఉంటుంది, నీటి పైపొరలో ఉన్నదాన్ని అందుకోవడానికి. గుడ్లు పెట్టదు, ఏకంగా పిల్లల్నే కంటుంది. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల చేప, 1928లో ఇటలీ మీదుగా మన దేశానికి తెచ్చారు, ఇప్పుడు దీన్ని చూడని ఊరు లేదు.

అన్నట్టు దోమల సంగతి. చేప లేని ఖాళీ తొట్లు నాలుగు డాబా మీద పెట్టానంటే కాలనీకి డెంగీ తెచ్చిపెట్టినట్టే. రోజూ సాయంత్రం టీ వడకట్టే జల్లెడతో ప్యూపాలన్నీ తీసేస్తాను అని ఓనరాంటీకి మాటిచ్చాను. లార్వా దశ కొన్ని రోజులు ఉంటుంది, దాని తర్వాత కామా గుర్తులా వంగి ఉండే ప్యూపా, అది రెండు రోజుల్లో దోమయి ఎగిరిపోతుంది. రోజూ ప్యూపాలు తీస్తే ఒక్క దోమ కూడా బయటికి రాదు, పైగా ఏ తొట్టి ఎన్ని దోమల్ని పుట్టించబోయిందో నాకు లెక్క దొరుకుతుంది. ఒక్క రోజు కూడా మానడానికి లేదు. ఊరెళ్లడం లేదు, పెళ్లిళ్లు లేవు.

జూన్ 15

చేప తొట్లలో మొయినా సున్నా. వారం కూడా పట్టలేదు. లీటరు నీళ్లు నైలాన్ బట్టలో వడపోసి, అయోడిన్ చుక్క వేసి, కోఠీలో కొన్న పాత మైక్రోస్కోప్ కింద లెక్కపెడితే చేప తొట్లలో రోటిఫర్లు అనే సూక్ష్మజీవులు మాత్రం మిగిలాయి. అవి చేప కంటికి ఆననంత చిన్నవి. మూసిన తొట్లలో మొయినాలు గుంపులు గుంపులు.

దోమలు: చేప తొట్లలో ప్యూపా ఒక్కటీ లేదు. ఖాళీ తొట్లలో నిన్న ఒక్క సాయంత్రమే 41. చేప తన పని తాను చేస్తోంది, అందులో అబద్ధం లేదు.

జూన్ 19

నిన్న మొదటి గట్టి వాన. పొద్దున డాబా నిండా తూనీగలు. పసుపు నారింజ కలిసిన రంగువి, ఎక్కడా వాలకుండా తిరుగుతూనే ఉండేవి, వానాకాలంలో మైదానాల మీద గుంపులుగా కనిపిస్తాయే, అవే. పాంటాలా అంటారు. రుతుపవనాలతో పాటు వచ్చే రకం. ఇవి ఇండియా నుంచి మాల్దీవుల మీదుగా సముద్రం దాటి తూర్పు ఆఫ్రికాకి పోతున్నాయని 2009లో మాల్దీవుల్లో ఉండే చార్లెస్ ఆండర్సన్ రాసిన పేపర్ చదివి అప్పట్లో నేను నమ్మలేదు. అంత దూరం పోయే ప్రాణి నా పాత సబ్బు డ్రమ్ము దగ్గర ఆగి, తెర పందిరి కిందికి దూరి, తోక చివర నీటికి ఆనించి ఆనించి గుడ్లు పెట్టింది. నాలుగు ఖాళీ తొట్లలోనూ పెట్టింది, చేప తొట్లలోనూ పెట్టింది. దానికి తేడా తెలిసినట్టు లేదు.

జూన్ 29

పచ్చబడ్డాయి. నాలుగు చేప తొట్లూ.

నీటి తేట కొలవడానికి స్టీలు స్కేలు చివర గుండ్రటి డబ్బా మూత బిగించి, నాలుగు భాగాలుగా తెలుపు నలుపు పెయింట్ వేశాను. సెక్కీ అనే ఇటలీ ఫాదర్ 1865లో సముద్రంలో దించిన పళ్లెం లాంటిదే, నాది టిఫిన్ డబ్బా సైజు. మూత కనబడకుండా పోయే లోతే లెక్క. మూసిన తొట్లలో అడుగు దాకా, అంటే 30 సెంటీమీటర్లూ కనిపిస్తోంది. చేప తొట్లలో 9, 11, 8, 10. పుస్తకంలో బొమ్మ వేసినట్టు. గైడ్ మేడమ్‌కి ఫోటోలు పంపాను, "చాలా బాగా వచ్చింది, అందుకే అనుమానంగా ఉంది" అని జవాబు. అప్పుడు కొంచెం కోపం వచ్చింది.

జూలై 5

తెల్లవారుజామున అయిదింటికి నీళ్ల నమూనా కోసం లేచి వెళ్తే 7వ తొట్టిలో చేపలన్నీ పైకొచ్చి పెదవులు నీటి పైపొరకి ఆనించి గుటకలు వేస్తున్నాయి. పచ్చటి నీళ్లలో పగలు నాచు ఆక్సిజన్ వదులుతుంది, రాత్రి అదే నాచు, దాంతో పాటు బాక్టీరియా ఉన్నదంతా లాగేస్తాయి, తెల్లవారేసరికి అడుగంటుతుంది. ఇది తెలిసిందే. కానీ మిగతా మూడు చేప తొట్ల కంటే 7 ఎందుకంత ఘోరంగా ఉంది? పైగా ముక్కు దగ్గర పెడితే పులిసిన వాసన. నాచు వాసన కాదది, వంటింటి వాసన.

జూలై 6

దొరికింది కారణం. రాయడానికి కూడా చేతులు రావడం లేదు.

పొద్దున ఆరున్నరకి మెట్ల దగ్గర నిలబడి చూశాను. అవ్వ తులసికి నీళ్లు పోసింది, కొంగు దోపుకుంది, పక్కనున్న గిన్నె తీసుకుని వరుసగా 2, 7, 8, 12 తొట్లలో తలా ఒక చెంబు తెల్లటి నీళ్లు పోసింది. 7లో కొంచెం ఎక్కువ, ఎందుకంటే దాంట్లో పెద్ద చేప ఉందట. బియ్యం కడిగిన నీళ్లు.

"అవ్వా, ఎన్ని రోజుల నుంచి పోస్తున్నావు?"

"అవి వచ్చిన కాడికెల్లి. నువ్వేమో ఒక్క మెతుకు గూడ ఎయ్యకపోతివి బిడ్డా. మా ఊర్ల బర్లకు కుడితి పోస్తుంటిమి, గివ్విటికి గంత గూడ పొయ్యొద్దా?"

దాదాపు నెల. చేపలు ఉన్న తొట్లకి మాత్రమే. అంటే నా నాలుగు చేప తొట్లూ పచ్చబడింది చేపలు మొయినాని తిన్నందుకా, బియ్యం నీళ్లలో ఉన్న పిండి, భాస్వరం, నత్రజని నాచుకి ఎరువయినందుకా, ఏ దేవుడూ చెప్పలేడు. రెండూ ఒకే తొట్లలో, ఒకే నెలలో. ఇంతకన్నా పక్కాగా ప్రయోగాన్ని పాడు చేయమని నాకు చెప్పినా చేయలేనేమో. ఆమె చేసినదాంట్లో తప్పు కూడా లేదు, తొట్లో ఉన్న ప్రాణికి తిండి పెట్టింది. చేపలకి పెట్టొద్దని నేను ఎప్పుడూ చెప్పలేదు, తులసి దగ్గర ఏం చేస్తోందో ఎప్పుడూ చూడలేదు, తప్పు నాదే. గదిలోకొచ్చి పడుకున్నాను. జల్లెడ పని మాత్రం సాయంత్రం చేశాను.

జూలై 8

గైడ్ మేడమ్ నవ్వారు. చాలాసేపు నవ్వి, "అయితే అది కూడా పెట్టు" అన్నారు.

రెండు నిమిషాలు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. నీటి జీవుల మీద పనిచేసే వాళ్ల మధ్య నడిచే పాత గొడవే ఇది, చెరువు పచ్చదనాన్ని నిర్ణయించేది కింది నుంచి వచ్చే ఎరువా, పైనుంచి తినే నోరా. నేను పైనుంచి మాత్రమే చూద్దామనుకున్నాను, అవ్వ కింది నుంచి మొదలుపెట్టింది. రెండూ విడదీసి పెడితే సరిపోతుంది.

కాబట్టి ఖాళీ తొట్లు నాలుగింటినీ అలాగే వదిలేసి, ఎందుకంటే వాటిల్లో తూనీగ పిల్లలు ఉన్నాయి, మిగతా ఎనిమిదీ పారబోసి కడిగి మళ్లీ మొదటి నుంచి. చేప ఉన్నవి 4, లేనివి 4. ప్రతి నాలుగింట్లో రెండింటికి బియ్యం నీళ్లు, రెండింటికి అంతే కొలత మామూలు నీళ్లు. ఈసారి తెర ఎనిమిదింటికీ బిగించి కట్టేశాను. మళ్లీ చీటీలు. మళ్లీ అవ్వే తీసింది. పోసేది కూడా అవ్వే, ఒకే బియ్యం, ఒకే డబ్బా, పావు లీటరు గీత దగ్గర నేను మార్కర్‌తో గీత గీసిచ్చాను, రోజు విడిచి రోజు. బియ్యం నీళ్లు పోసే తొట్లకి ఎర్ర దారం కట్టాను. "దారం లేనియి ఏం పాపం చేసినయ్" అని అడిగింది. ఏం చెప్పాలో తెలియక అవి ఉపవాసం అన్నాను.

ప్రతి రకానికీ రెండేసి తొట్లే మిగిలాయి. రెండుతో ఎవరూ నమ్మరు, నాకు తెలుసు. ఇది పేపర్ రాయడానికి కాదు, పెద్దగా చేయాలా వద్దా తేల్చుకోవడానికి అని నాకు నేనే చెప్పుకుంటున్నాను.

జూలై 13

ఎర్రదారం ఉండి చేప లేని తొట్లు మూడు రోజులు తెల్లగా, చూస్తే అసహ్యం వేసేలా ఉన్నాయి. పైన జిగట పొర. బాక్టీరియా పండగ చేసుకుంటోంది.

జూలై 18

ఆ తొట్లే ఇప్పుడు చూడాలి. నీళ్లు తేటపడ్డాయి, అందులో ఎర్రటి మబ్బులు. మబ్బులన్నీ మొయినాలే. అవి నాచుతో పాటు బాక్టీరియాని కూడా వడపోసుకు తింటాయి, బియ్యం నీళ్లు వాటికి విందు. నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే మొయినా ఒంట్లో హిమోగ్లోబిన్ పెంచుకుంటుంది, మన రక్తంలో ఉండేదే, అందుకే ఆ గులాబీ ఎరుపు. గ్లాసులో తీసి వెలుతురుకి పట్టి చూస్తే కుంకుమ నలుసులు ఈదుతున్నట్టు ఉంది. ఒకదాన్ని స్లైడు మీద పెట్టాను. లోపల అంతా కనిపిస్తుంది, గాజు బొమ్మ. ఒకే ఒక్క నల్లటి కన్ను అటూ ఇటూ వణుకుతోంది, వీపు దగ్గర గుండె లెక్కపెట్టలేనంత వేగంగా కొట్టుకుంటోంది, దాని వెనక సంచిలో తొమ్మిది పిల్లలు, వాటికీ అప్పుడే కళ్లు వచ్చేశాయి. మగతో పని లేకుండా ఆడది ఆడపిల్లల్నే కంటుంది, ఈ వేడికి ఆ పిల్లలు నాలుగైదు రోజుల్లో తల్లులవుతాయి. లెక్కపెట్టడం మానేసి ఓ పావుగంట అలాగే చూస్తూ కూర్చున్నాను.

జూలై 27

తెల్లవారుజామున నాలుగున్నర, వాన లేదు. 3వ తొట్టి, ఖాళీ రకం. తెర పుల్ల మీదికి తూనీగ పిల్ల ఒకటి ఎక్కి కదలకుండా ఉంది. ముదురు గోధుమ రంగు, చూస్తే బొద్దింకకి చుట్టంలా ఉంటుంది. టార్చి నేల మీదికి తిప్పి కూర్చున్నాను. వీపు నిట్టనిలువునా చీలింది. ముందు తల, తర్వాత ఛాతీ బయటకొచ్చి, వెనక్కి వాలిపోయి తలకిందులుగా అలా వేలాడింది, చచ్చిపోయిందేమో అనుకున్నాను. చాలాసేపటికి ఒక్క ఊపున పైకి లేచి, తన పాత తోలునే పట్టుకుని తోక లాక్కుంది. రెక్కలు నలిపిన కాగితంలా ఉన్నాయి, చూస్తుండగానే సాగాయి. అవ్వ వచ్చేసరికి తోలు ఒక్కటే మిగిలింది. దాన్ని అగ్గిపెట్టెలో పెట్టి ఆమెకిచ్చాను.

ఖాళీ తొట్లలో గత రెండు వారాలుగా ప్యూపాలు రోజుకి ఒకటో రెండో, కొన్ని రోజులు సున్నా. జూన్‌లో 41 వచ్చిన చోట! తూనీగ పిల్లలు కింది పెదవిని చేయిలా చాచి దోమ పిల్లని లాగేస్తాయి. ఈ పని ఎవరూ తెచ్చి వదలకుండానే జరిగింది. జూన్ 19న చేప తొట్లలో కూడా తూనీగ గుడ్లు పెట్టింది కదా, జూలైలో ఆ నీళ్లు పారబోసేటప్పుడు జల్లెడ పట్టి చూశాను, ఒక్క పిల్ల లేదు. నలుసంత ఉన్నప్పుడే చేపలు తినేసి ఉంటాయి. దోమ శత్రువుల లిస్టులో గంబూషియా ఉంది, నిజమే, కానీ అది దోమకి ఉన్న మిగతా శత్రువుల్ని కూడా తింటుందన్న మాట మాత్రం ఆ లిస్టు పక్కన ఎవరూ రాయరు.

ఆగస్టు 2

మూడు వారాల తేట లెక్క, సెంటీమీటర్లలో. చేప లేదు, బియ్యం నీళ్లు లేవు: రెండు తొట్లలోనూ అడుగు కనిపిస్తోంది. చేప ఉంది, బియ్యం నీళ్లు లేవు: 19, 22. చేప ఉంది, బియ్యం నీళ్లు ఉన్నాయి: 6, 5, పాలకూర మిక్సీ పట్టినట్టు. చేప లేదు, బియ్యం నీళ్లు ఉన్నాయి: ఒకదాంట్లో అడుగు కనిపిస్తోంది, ఇంకోదాంట్లో 12.

ఆ 12 నన్ను తినేస్తోంది. అదే రకం, అదే డబ్బా, పక్కపక్క తొట్లు. వారం కింద దాంట్లో ఎర్ర మబ్బులే, ఇప్పుడు మొయినాలు దాదాపు లేవు, నీళ్లు పచ్చగా ఉన్నాయి. అడుగు మట్టి తీసి చూస్తే గుర్రపు జీను ఆకారంలో నల్లటి పెంకులు, ఆ గట్టి గుడ్లే. జనాభా తట్టుకోలేనంత పెరిగింది, ఇరుకైంది, మగవి పుట్టాయి, గట్టి గుడ్లు పెట్టి గుంపంతా కూలిపోయింది, తినేవాళ్లు పోగానే నాచు లేచింది. చేప లేకుండానే. రెండో తొట్టి కూడా ఇంకో వారంలో ఇదే దారి పడుతుందా? పడితే నేను "చేప లేదు కాబట్టి తేట" అని ఏ రోజు కొలిచి చెప్పినట్టు?

అయినా ఒక్కటి మాత్రం చెప్పగలను. చేప ఒక్కటే ఉంటే కొంచెం పచ్చదనం, జూన్‌లో నేను చూసి మురిసిపోయిన ఆ 8, 11 లెక్కల్లో సగానికి పైగా అవ్వ గిన్నెదే. హుస్సేన్‌సాగర్‌కి ఇది పట్టుకెళ్లి చేపల్ని మార్చేద్దాం, తేటపడుతుంది అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. 1562 నాటి చెరువు, ఇన్నేళ్లుగా నగరం కడిగిన నీళ్లన్నీ దాంట్లోకే పోస్తున్నాం, అడుగు బురదలోనే దశాబ్దాల భాస్వరం ఉంది. ముందు ఆ గిన్నె ఆపాలి.

ఆగస్టు 9

బియ్యం నీళ్లు లేని తొట్లలోంచి నాలుగు, ఉన్న వాటిలోంచి రెండు చేపలు తీసి కడుపు కోసి చూశాను. లవంగ నూనె కలిపిన నీళ్లలో వేస్తే మత్తులోకి జారి అలాగే పోతాయి. గదంతా బిర్యానీ వాసన, పక్క గది అమ్మాయి వచ్చి ఏం వండుతున్నావని అడిగింది.

మొయినా ఒళ్లు అరిగిపోతుంది కానీ కన్ను మిగులుతుంది, నల్లటి చుక్కలు లెక్కపెట్టుకోవచ్చు. రెండు వారాల ముందే మొయినా అయిపోయిన తొట్లలో అవీ లేవు. ఉన్నవేంటంటే నాచు పోగులు, తొట్టి గోడకి పట్టిన పాకుడు, ఒక పెద్ద ఆడ చేప కడుపులో దాని జాతి పిల్లవే రెండు జతల కళ్లు, అన్నింట్లోనూ చీమలు. ఎర్ర చీమలు. పిట్టగోడ మీద లైను కట్టి పోయేవి గాలికి తెర రంధ్రాల్లోంచి పడి ఉంటాయి. తెర కట్టి ఇది మూసేసిన లోకం అనుకున్నాను, డాబా తిండి లోపలికి పోతూనే ఉంది. బోర్డు మీద గీసుకున్న ఆహార జాలం బొమ్మలో చీమకి చోటే లేదు, ఇప్పుడు మూలన ఒక చీమ గీసి చేప వైపు బాణం వేశాను. ఆ చేప మొయినా లేకపోయినా ఆకలితో చావదు అన్నమాట, మొయినా మళ్లీ పొదిగిన రోజు తినడానికి అక్కడే ఉంటుంది. మన నీళ్లలో గొలుసు ఎందుకు అంత తేలిగ్గా కోలుకోదో ఆ ఆరు కడుపులు చూశాక కొంచెం అర్థమైంది.

ఆగస్టు 20

దోమలు తిరిగొచ్చాయి. ఖాళీ తొట్లలో తూనీగలన్నీ ఎగిరిపోయాయి, కొత్తగా గుడ్లు పెట్టినవి ఇంకా చాలా చిన్నవి, ఈ సందులో నిన్న 28 ప్యూపాలు. కాబట్టి చేప వద్దు, తూనీగలు చాలు అని నేను ఎక్కడా చెప్పబోవడం లేదు. వాటి టైమింగ్ వాటిది.

ఈ రోజు దోమల దినమట. 1897లో ఇదే తారీఖున, ఇక్కడికి ఎంతో దూరం లేని బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. హుసేన్ ఖాన్ అనే రోగిని దోమల చేత కుట్టించి, కుట్టిన ఒక్కో దోమకి ఒక్కో అణా ఇచ్చాడు. ఆ మైక్రోస్కోప్ కింద కనిపించిన చుక్క వల్లే తర్వాత ప్రపంచమంతా దోమ పిల్లల్ని తినే చేప కోసం వెతికింది, గంబూషియా సముద్రాలు దాటింది, నా బకెట్లోకి వచ్చింది. జల్లెడ కడుగుతూ అవ్వకి ఈ కథ చెప్పాను. "అణా అంటె అప్పట్ల తక్కువేం గాదు" అంది.

ఆగస్టు 30

చేప లేకుండా బియ్యం నీళ్లు పోసిన రెండో తొట్టి కూడా కూలింది, 26న. మొదటిదాని కంటే మూడు వారాలు పైగా ఆలస్యంగా. ఇప్పుడు అందులో తేట 15.

గైడ్ మేడమ్‌తో గంట మాట్లాడాను. వచ్చే వేసవికి 24 తొట్లు, వారానికోసారి కాకుండా రోజు విడిచి రోజు కొలత, గంబూషియాతో పాటు నెత్తి మీద వెండి చుక్క ఉండే దేశవాళీ చిన్న చేప ఒకటి ఇంకో వరుసగా. 24 తొట్లంటే రెండు టన్నులు. అంకుల్ స్లాబు వైపు చూసి, నా వైపు చూసి, ఇంజినీర్‌ని అడిగి చెప్తానన్నారు. డిపార్ట్‌మెంట్ వెనక ఖాళీ స్థలం కోసం లెటర్ పెట్టాను, జవాబు రాలేదు.

చేపల్ని తిరిగి కాలువలో వదలలేదు, ఎక్కడా వదలను. తెలిసిన అక్వేరియం అతనికి ఇచ్చేశాను.

ఈ మధ్యాహ్నం 5, 9 తొట్ల నీళ్లు తోడేసి అడుగు మట్టి గీకాను. చెంచాడు మట్టిలో ఆ నల్లటి జీను గుడ్లు ముప్పై దాకా ఉన్నాయి. పాత పేపర్ల మీద పలచగా పరిచి డాబా మీద ఆరబెట్టాను, ఎండితే సీసాలో పోసి తేదీ రాసి పెట్టాలి. మబ్బుగా ఉంది, కాకులు తిరుగుతున్నాయి. కిందికెళ్లి టీ తాగి వచ్చేసరికి మట్టి మీద చాట బోర్లించి, దాని మీద రాయి పెట్టి, పక్కన అవ్వ కూర్చుని ఉంది.